పదేళ్ల పాపకు క్రోషే స్వెటర్: రెండేళ్ల పిల్లల ప్యాటర్న్‌ని పెంచుకోవచ్చా?

లేసుచేయి:

అందరికీ నమస్తే. నా దగ్గర రెండేళ్ల పిల్లల స్వెటర్ ప్యాటర్న్ ఉంది. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే రాగ్లాన్ (చేతులు మెడ నుంచి చంక దాకా ఏటవాలు గీతలో ఒంటికి కలిసే రకం), మొత్తం హాఫ్ డబుల్ క్రోషే (సింగిల్ కంటే పొడుగు, డబుల్ కంటే పొట్టి కుట్టు). అదే పదేళ్ల పాపకి అల్లాలి. ఉండేది ఆదిలాబాద్, పొద్దున్నే బడికి వెళ్లేటప్పుడు వేసుకోవడానికి.

కొలతలు: ఛాతీ 28 అంగుళాలు, తల చుట్టూ 21, దండ చుట్టూ 9, చంక నుంచి మణికట్టు దాకా 14, చంక నుంచి నడుం కింద దాకా 12. ఊలు అక్రిలిక్, లేబుల్ మీద 100 గ్రాములకు 250 మీటర్లని ఉంది. హుక్ 4.5 మి.మీ.

అడగాల్సినవి మూడు. ప్యాటర్న్‌లో అంకెలు అలాగే ఉంచి లావు ఊలు, పెద్ద హుక్ పెడితే సరిపోతుందా? ఊలు ఎన్ని గ్రాములు కొనాలి? మూడోది, నరసాపురం లేసు అల్లి అల్లి చేయి బిగుసుకుపోయింది. ఊలుతో అల్లితే ముక్క అట్టలా వస్తోంది. ఏం చేయాలి?

ఊలుఉండ:

లావు ఊలు ఆలోచన మానేయండి అండీ. ఏడాది వయసు దగ్గర పిల్లల తల, ఛాతీ దాదాపు ఒకే కొలత. అందుకే ఆ ప్యాటర్న్‌లలో ఒంటితో పోలిస్తే మెడ బాగా వెడల్పు. మీ పాపకి తల 21, ఛాతీ 28. రెండేళ్ల అంకెలనే పెంచుకుంటూ పోతే, ఛాతీ సరిపోయేసరికి మెడ భుజం మీంచి జారుతుంది, చేతులేమో ముంజేతి మధ్యలోనే ఆగిపోతాయి. ప్యాటర్న్ నుంచి పద్ధతి తీసుకోండి, అంకెలు మాత్రం పాప కొలతల నుంచి రావాలి.

ముందు శాంపిల్ ముక్క. 26 కుట్లు, 20 వరసలు అల్లి, ఉతికి ఆరేసి, అంచులు వదిలేసి మధ్యలో 4 అంగుళాలు కొలవండి. ఉతక్కుండా కొలిచిన అంకెకి విలువ లేదు. నేను 4 అంగుళాలకు 16 కుట్లు, 12 వరసలు అనుకుని లెక్క చెబుతున్నా. అంటే అంగుళానికి 4 కుట్లు, 3 వరసలు.

ఛాతీ 28కి వదులు 5 కలపండి, 33 అంగుళాలు. లోపల యూనిఫాం చొక్కా ఉంటుంది కాబట్టి 2 అంగుళాల వదులు చాలదు. 33 × 4 = 132 కుట్లు, ఇది చంక కింద ఒంటి చుట్టు. రెండు చంకల కింద ఆరేసి చెయిన్లు తీసేస్తే 120, అంటే ముందు భాగం 60, వెనక 60.

మెడ 20 అంగుళాలు, 80 కుట్లు. మామూలు చెయిన్ వేసి మొదలుపెట్టొద్దు, అది సాగదు, 21 అంగుళాల తల అందులోంచి దూరదు. చెయిన్, కుట్టు రెండూ ఒకేసారి వచ్చే ఫౌండేషన్ హాఫ్ డబుల్‌తో మొదలుపెట్టి చుట్టుగా కలపండి. ఈ 80ని ఇలా పంచాలి: మూలకుట్లు (ఒళ్లు, చేతులు కలిసే చోట్ల ఒక్కో కుట్టు) 4, వెనక 28, ముందు 28, చేతులు పదేసి. ప్రతి మూలకుట్టుకీ ఒక పిన్నీసు గుచ్చండి, మార్కర్లు కొననక్కర్లేదు.

పెంచే చుట్టులో ప్రతి మూలకుట్టులో మూడు హాఫ్ డబుల్‌లు వేసి, పిన్నీసు మధ్య కుట్టులోకి మార్చాలి. అలా చుట్టుకి 8 కుట్లు పెరుగుతాయి. సాదా చుట్టులో మూలకుట్టులో ఒక్కటే. 28 నుంచి 58కి చేరాలంటే 15 పెంపులు, చేతులు అప్పటికి 10 నుంచి 40 అవుతాయి. మూలలు రెండు ముందుకి, రెండు వెనక్కి ఇస్తే అరవైలు కుదిరాయి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. 15 పెంపులూ వరసగా వేసేస్తే పైభాగం, అంటే మెడ నుంచి చంక దాకా, ఫౌండేషన్‌తో కలిపి 16 వరసలు, అంటే 5 అంగుళాల పైచిలుకే. పదేళ్ల పిల్లకి అది చాలదు, చంకలో కోసేస్తుంది. దాదాపు 6.5 అంగుళాలు కావాలి. కాబట్టి మొదటి 11 చుట్లలో ప్రతిసారీ పెంచండి, తర్వాత ఒకటి సాదా, ఒకటి పెంపు, ఇలా నాలుగు జతలు. మొత్తం 19 చుట్లు, ఫౌండేషన్‌తో 20 వరసలు.

చంక దగ్గర చేతుల్ని ఒంటి నుంచి విడదీసేటప్పుడు చేతి 40 కుట్లు వేరే రంగు దారం మీదకి ఎక్కించి వదిలేయండి. 6 చెయిన్లు వేసి అవతలి భాగానికి కలిపి, ఒంటిని 132 మీద 30 చుట్లు దించండి, 10 అంగుళాలు. కింద రిబ్బు (నిలువు గీతలతో సాగే) పట్టీ 2 అంగుళాలు.

చేతికి ఆ 40, చంక చెయిన్ల మీద 6, మొత్తం 46. చెయిన్ రెండు కొసల్లో రంధ్రం పడుతుంది. అక్కడ ఒక్కో కుట్టు ఎక్కువ తీసుకుని, తర్వాతి చుట్టులో పక్కదానితో కలిపి తగ్గించండి, రంధ్రం మూసుకుపోతుంది. ఆపైన ప్రతి ఐదో చుట్టులో చంక కింద రెండు తగ్గింపులు, ఏడుసార్లు. 46 కాస్తా 32 అవుతుంది. ఇంకో చుట్టు సాదాగా అల్లితే 36 చుట్లు, 12 అంగుళాలు. మిగతా 2 కఫ్, అంటే మణికట్టు పట్టీ.

సూదిమొన:

బిగుతు సంగతి నేను చెప్తా. హుక్‌ని జాగ్రత్తగా చూడండి: కొన దగ్గర వంపు, దాని కింద సన్నటి మెడ, ఆ కింద లావు కాడ. నంబరు ఆ కాడదే. లేసు అల్లే చేతివాళ్లు లూప్‌ని సన్నటి మెడ దగ్గరే ఆపి లాగేస్తారు. అందుకే 4.5 హుక్ పట్టుకున్నా కుట్టు 3.5 అంత వస్తుంది. దారం లాగాక లూప్‌ని కాడ మీదకి జరిపి, అప్పుడు తర్వాతి పని. దారాన్ని చిటికెన వేలికి రెండు చుట్లు చుట్టే అలవాటుంటే ఒక్క చుట్టుకి రండి. అప్పటికీ అట్టలా ఉంటే 5 మి.మీ. హుక్. ముక్కని చేతిలో నలిపి వదిలితే మెత్తగా జారాలి, నిటారుగా నిలబడితే ఇంకా బిగుతే. లేసులో అదే గుణం, స్వెటర్లో అదే తప్పు.

డబుల్ క్రోషేతో తొందరగా అయిపోతుందని ఎవరైనా చెప్పినా ఆదిలాబాద్ చలికి వద్దు, సందుల్లోంచి గాలి దూరుతుంది. సింగిల్ అయితే బరువు, బిరుసు. మీ హాఫ్ డబులే సరి. బ్రిటిష్ ప్యాటర్న్ పుస్తకాల్లో దీన్నే హాఫ్ ట్రెబుల్ అంటారు. ప్యాటర్న్‌లో సింగిల్ క్రోషే అన్న మాట కనిపిస్తే అది దాదాపుగా అమెరికన్ పద్ధతే, ఇప్పటి బ్రిటిష్ ప్యాటర్న్‌లలో ఆ మాట వాడరు. ఇది చూసుకోక బ్రిటిష్ ప్యాటర్న్‌ని అమెరికన్ అనుకుని అల్లితే ప్రతి కుట్టూ ఒక మెట్టు పొడుగైపోతుంది.

గ్రాముల లెక్కకి వంటింటి త్రాసు చాలు. 6 అంగుళాల చదరపు ముక్క తూచండి, అంటే 36 చదరపు అంగుళాలు. ఊలుఉండ గారు చెప్పిన స్వెటర్ విస్తీర్ణం: ఒళ్లు 33 × 12 = 396, పైభాగం సుమారు 235, రెండు చేతులు 273, మెడపట్టీ, అతుకులు కలిపితే 950 అనుకోండి. ముక్క 13 గ్రాములు తూగితే 950 ÷ 36 × 13, దాదాపు 343 గ్రాములు. పదిశాతం పైన వేసుకుంటే 380కి దగ్గర. 400 కొనండి, వచ్చే ఏడాది పొడిగించాలనుకుంటే 450. అన్ని ఉండల మీదా లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన విడత నంబరు) ఒకటే ఉండాలి. కొట్లో లైటు కింద ఒకే నీలంలా కనిపించినవి ఎండలో రెండు నీలాలుగా తేలతాయి.

ఇంకో మాట. బడి సంచి పట్టీ రాసుకునే భుజం మీద, మోచేతుల దగ్గర ఉండలు కడుతుంది. పురి వదులుగా ఉన్న మెత్తటి బేబీ ఊలుకి ఇది మరీ ఎక్కువ. రెండు వేళ్ల మధ్య దారం నలిపి చూడండి, పోగులు విడిపోయే రకం పెద్ద పిల్లలకి పనికిరాదు. రంగు పాపనే ఎంచుకోనివ్వండి, పదేళ్లకి నచ్చని రంగైతే అది బీరువాలోనే ఉంటుంది.

మెడపట్టీ:

లెక్క బాగుంది కానీ ఊలుఉండ గారు ఒకటి వదిలేశారు. ముందు, వెనక రెండూ 28 కుట్లే అయితే మెడ గుండ్రంగా సమంగా ఉంటుంది. వేసుకుంటే ముందు గొంతుకి తగులుతుంది, వెనక కిందికి జారుతుంది. పాప రోజంతా ముందుకి లాక్కుంటూనే ఉంటుంది. పసిపిల్లల స్వెటర్లో ఇది అంతగా తెలియదు, పెద్ద పిల్లకి తెలుస్తుంది. వెనక మెడ ఒక అంగుళం ఎత్తు చేయాలి.

80 కుట్ల చుట్టు కలిపాక వేరే దారంతో, ముందుభాగం వదిలేసి, ఒక చేతి ముందు కొస నుంచి వెనక మీదుగా రెండో చేతి ముందు కొస దాకా 50 కుట్లు అల్లండి: 10, మూల, 28, మూల, 10. తిప్పి, రెండు కొసల్లో ఐదేసి వదిలి 40. మళ్లీ తిప్పి, మళ్లీ ఐదేసి వదిలి 30. ప్రతి వరసలో మొదటి రెండు, చివరి రెండు కుట్లు సింగిల్ క్రోషే, అప్పుడు మెట్టు కనబడకుండా వాలుగా దిగుతుంది. ఈ మూడు వరసల్లో పెంపు వద్దు, పిన్నీసుల్ని మాత్రం పైకి జరుపుకుంటూ రండి. తర్వాత మామూలుగా మొదటి చుట్టు. మెట్ల దగ్గర వరస పక్క లూప్‌ని, కింది కుట్టుని కలిపి ఒక్కటిగా అల్లితే సందు పడదు. అన్నీ లెక్కపెడితే పాత 80 కుట్ల మీదే ఉండాలి. ఆ చుట్టులో పెంపు కలుస్తుంది కాబట్టి చివరికి 88.

చుట్టు కలిపే చోటు వీపు మధ్యలో పెట్టొద్దు, గీతలా కనిపిస్తుంది. వెనక ఎడమ మూలకుట్టు పక్కన పెడితే రాగ్లాన్ గీతలో కలిసిపోతుంది. ప్రతి చుట్టు చివర స్లిప్ స్టిచ్‌తో (ఎత్తు దాదాపు లేని కలుపుకుట్టు) కలిపి, ఒక చెయిన్ వేసి, ముక్క తిప్పి ఎదురు దిశలో అల్లండి. తిప్పకుండా ఒకే వైపు అల్లితే హాఫ్ డబుల్ కుట్టు తల కాడకి సూటిగా ఉండదు, కాస్త పక్కకి ఉంటుంది. 30 చుట్లు దాటేసరికి అతుకు చంక దగ్గర మొదలై పొట్ట మీదకి నడిచి వస్తుంది. చేతుల్లో అయితే మరీ, తగ్గింపు గీత మోచేతి చుట్టూ తిరిగిపోతుంది. ఒళ్లు తిప్పి అల్లి చేతులు తిప్పకుండా అల్లితే కుట్టు మొహమే వేరుగా ఉంటుంది, అది కూడా చేయకండి.

కలిపిన స్లిప్ స్టిచ్‌ని కుట్టుగా లెక్కపెట్టి అందులో అల్లితే చుట్టుకి ఒకటి చొప్పున దొంగకుట్లు చేరతాయి. మొదటి హాఫ్ డబుల్‌కి కూడా ఒక పిన్నీసు గుచ్చి, అందులోకే కలపండి.

లేసుచేయి:

చాలా థాంక్స్ అండీ. లూప్‌ని కాడ మీదకి జరిపి 5 మి.మీ. హుక్‌తో అల్లితే ముక్క మెత్తబడింది. తిప్పుతూ అల్లి, ఉతికి ఆరేశాక 4 అంగుళాలకు 17 కుట్లు, 13 వరసలు వచ్చాయి. ఒక్క కుట్టు తేడానే కదా, 132తోనే అల్లేయనా? రిబ్బు కూడా ఎలా వేయాలో కాస్త చెప్పండి.

ఊలుఉండ:

అల్లేయొద్దు. అంగుళానికి 4.25 కుట్లు. 132 ÷ 4.25 అంటే 31 అంగుళాలే. వదులు 5 అనుకున్నది 3కి పడిపోయింది, చొక్కా మీద బిగుస్తుంది. మళ్లీ లెక్క వేద్దాం.

ఒళ్లు 33 × 4.25, 140 కుట్లు. చంకల 12 తీస్తే 128, ఒక్కో వైపు 64, మూలలు తీస్తే 62. మెడ 20 × 4.25 = 85, పంచడానికి వీలుగా 84 తీసుకోండి: మూలలు 4, వెనక 30, ముందు 30, చేతులు పదేసి. 30 నుంచి 62కి 16 పెంపులు. చేయి 10 + 32 = 42, చంకతో 48, అంటే 11 అంగుళాల పైన, 9 అంగుళాల దండకి హాయిగా సరిపోతుంది. పైభాగానికి ఫౌండేషన్‌తో 22 వరసలు కావాలి, అంటే 21 చుట్లు. మొదటి 11 పెంపులు, తర్వాత సాదా-పెంపు ఐదు జతలు. ఒంటికి 10 అంగుళాలకు 32 లేదా 33 చుట్లు. చేతికి 39 చుట్లు, తగ్గింపులు ఐదేసి చుట్లకోసారి ఏడుసార్లు, 48 నుంచి 34కి. వెనక మెడ వరసలు 50, 40, 30 కాకుండా 52, 42, 32 అవుతాయి.

విడదీయకముందే ఒకసారి పాపకి వేసి చూడండి. పైనుంచి అల్లడంలో ఉన్న పెద్ద సుఖం అదే. మూలకుట్టు చంక దగ్గరికి రాకపోతే ఇంకో సాదా చుట్టు, అంతకంటే పెద్ద చికిత్స అక్కర్లేదు.

మెడపట్టీ:

రిబ్బుకి ఒక సైజు చిన్న హుక్, 4.5. ఒంటి అంచున 9 చెయిన్లు వేసి, వెనక్కి 8 సింగిల్ క్రోషేలు, అంచు కుట్టులో స్లిప్ స్టిచ్, పక్క అంచు కుట్టులో ఇంకో స్లిప్ స్టిచ్, తిప్పి వెనక లూప్‌లోనే 8 సింగిల్‌లు. ఆ రెండో స్లిప్ స్టిచ్ మీదుగా వరస ఎక్కుతుంది. అంటే రెండు అంచు కుట్లకి రెండు రిబ్బు వరసలు, ఒకటికొకటి. వెనక లూప్ కాకుండా రెండు లూపుల్లోనూ అల్లితే గీతలు రావు, సాగదు.

కింది పట్టీకి అంచు కుట్లు వదలొద్దు, ముడుచుకుని బుడగలా ఉబ్బుతుంది. కఫ్‌కి మాత్రం ప్రతి నాలుగో కుట్టు వదిలేయండి, మణికట్టుకి పడుతుంది. మెడకి 5 చెయిన్లు, 4 సింగిల్‌లు, ప్రతి ఐదో కుట్టు వదలాలి. పావు వంతు అల్లాక ఆపి సాగదీసి చూడండి. మెడ మొత్తం 21 అంగుళాలకు సాగకపోతే వదిలే కుట్లు తగ్గించండి. మెడపట్టీ అంతా పూర్తయ్యాక తల దూరక విప్పడం కంటే ఇది నయం.

నాలుగుముక్కలు:

ఇంత లెక్క ఎందుకండీ, మొదటి పెద్ద స్వెటర్‌కి నాలుగు దీర్ఘచతురస్రాలు చాలు. మీ 17 కుట్ల శాంపిల్‌కే చెప్తున్నా. వెనక ముక్క 70 కుట్లు, 65 వరసలు, 20 అంగుళాల పొడవు. ముందు ముక్క కూడా అంతే, కానీ చివరి 10 వరసల దగ్గర మధ్యలో 24 కుట్లు వదిలి, మెడ వైపు వరస విడిచి వరసలో ఒక్కో కుట్టు చొప్పున రెండు పక్కలా ఐదు తగ్గించాలి. మెడ వెడల్పు 34 కుట్లు, భుజాలు 18 చొప్పున. మెడ చుట్టూ 20 అంగుళాలు వస్తుంది. చేయి పైన 56 కుట్లు.

జాగ్రత్త పడాల్సింది ఒక్కటే. ఇందులో భుజం కుట్టు కిందికి జారి దండ మీద పడుతుంది. ముక్క వెడల్పు 16.5, పాప భుజాల వెడల్పు 12.5 ఉంటే పక్కకి 2 అంగుళాలు జారినట్టు. ఆ 2 చేతి పొడవులోంచి తీసేయాలి, 14 కాదు, 12. కఫ్ కూడా ఇందులోనే. ఇది మర్చిపోతే చేతులు వేళ్ల మీదకి వస్తాయి.

ఊలుఉండ:

చేయొచ్చు, తప్పులేదు. కానీ పైన జాకెట్ వేసుకునే పిల్లకి చంకలో గుడ్డ ముడత పడి కుచ్చులా నిలుస్తుంది, బడి సంచి పట్టీ కింద భుజం అతుకు ఒత్తుకుంటుంది. ఆదిలాబాద్‌లో స్వెటర్ మీద ఇంకోటి వేసుకునే రోజులుంటాయి కదా, అందుకే రాగ్లాన్ అన్నా. అతుకులు కుట్టాల్సిన పని కూడా తప్పుతుంది.

సూదిమొన:

ఇదే థ్రెడ్ చూసి బయట దేశాల్లో ఉన్నవాళ్లు మెషీన్‌లో ఉతికే మెరినో ఊలుతో అల్లేటట్టయితే, ఆ సూపర్‌వాష్ ఊలు తడిస్తే సాగుతుంది. శాంపిల్‌ని ఉతికి, రాత్రంతా కింద నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి వేలాడదీసి, అప్పుడు వరసలు కొలవండి. స్వెటర్ సొంత బరువుకే ఒక అంగుళం పైగా దిగొచ్చు. అక్రిలిక్‌కి అంత భయం లేదు కానీ 400 గ్రాముల స్వెటర్ని హ్యాంగర్‌కి మాత్రం వేయకండి, భుజాలు కొమ్ముల్లా సాగుతాయి. మడిచి పెట్టాలి.

అక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టొద్దు. వేడి తగిలితే పోగు చచ్చిపోయి సాగిలపడుతుంది, రిబ్బు అయితే మళ్లీ ముడుచుకోదు. చల్లటి నీళ్లలో ఉతికి, పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తి, పరుపు మీద పరిచి ఆరేయండి.

లేసుచేయి:

చివరి సందేహం. వచ్చే ఏడాది పొట్టి అయితే ఎక్కడ పెంచాలి?

మెడపట్టీ:

కిందా, కఫ్‌ల దగ్గరా. రిబ్బు స్లిప్ స్టిచ్‌తో అంచుకి అంటుకుని ఉంటుంది కదా, కొస ముడి విప్పి లాగితే పట్టీ మొత్తం ఊడొస్తుంది, ఒళ్లు కదలదు. ఆ అంచు మీద 140 కుట్లతో కావాల్సినన్ని చుట్లు పెంచి కొత్త పట్టీ అల్లండి. పదేళ్ల నుంచి ఏడాదికి చేతులకి అంగుళమో అంగుళంన్నరో చాలు, అంటే 3 నుంచి 5 చుట్లు. చేతి చివర 34 కుట్ల మీద సాదాగా పెంచాలి, తగ్గింపులు ఇంక వద్దు.

దీనికోసం కొసలు దాచేటప్పుడే చూసుకోండి. రిబ్బు దారం కొసని ఒంటి కుట్లలోకి తోయకుండా రిబ్బులోనే 6 అంగుళాలు అటూ ఇటూ తిప్పి దాచండి, విప్పాలన్నప్పుడు దొరుకుతుంది. మిగిలిన 50 గ్రాముల ఊలుని ఒక చిన్న చుట్టలా కట్టి, స్వెటర్ ఉతికిన ప్రతిసారీ దానితోపాటే ఉతకండి. పక్కన దాచేస్తే రెండేళ్లకి స్వెటర్ వెలిసి, కొత్త చుట్లు మాత్రం ముదురు పట్టీలా కనబడతాయి.